నీళ్లు తాగిన బోర్డుతో కడెం దాకా

మా విశాఖలో సర్ఫ్‌బోర్డును కారు మీద కట్టుకుని రుషికొండ దారిలో పోతుంటే ఎవరూ తల తిప్పి చూడరు. కరీంనగర్ బస్టాండు దగ్గర సిగ్నల్ పడి కాసేపు ఆగామో లేదో, పక్క ఆటోలోంచి ఒకాయన తల బయటపెట్టి, ఏం షాపు పెడుతున్నారని అడిగాడు. ఇది బోర్డు అని స్వరూప అంతకుముందే ఎవరికో చెప్పడం విన్నాడు. బోర్డు అంటే ఆయనకు షాపు పేరు రాసే బోర్డే. పేరింకా రాయించలేదేమని కూడా అడిగాడు. నవ్వలేక చచ్చాం.

స్వరూప తను వ్యాయామ విద్య చదివిన రోజుల నుంచీ నాకు స్నేహితురాలు. ఆ చదువు కోసమే విశాఖ వచ్చి, నాతో సముద్రంలో దిగి, బోర్డు మీద నిలబడటం నాకంటే ముందే నేర్చుకుంది. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక ఆడపిల్లల కాలేజీలో ఆటలు నేర్పుతోంది. కారు నడుపుతున్నది వాళ్ల నాన్న రాజమల్లు. గోదావరిఖని బొగ్గుబావిలో పంపు ఖలాసీగా చేసి రిటైరయ్యాడు. బావిలోకి ఊరే నీటిని పంపులతో ఎప్పటికప్పుడు పైకి తోడటం ఆయన పని. నేను బాబాయ్ అంటాను, ఆయన నన్ను బిడ్డా అంటాడు.

బోర్డు సంగతి చెప్పాలి. నా కుడి భుజం ఒకసారి అలల్లో జారిపోయింది. మళ్లీ జారితే ఆపరేషనే అన్నారు. సముద్రంలో దిగడం మానేసి, సాయంత్రాలు ఇంటి వెనక కూర్చుని బోర్డు చేయడం మొదలుపెట్టాను. గట్టి థర్మాకోల్ దిమ్మను కోసి, నున్నగా చెక్కి, పైన గాజుపోగులతో నేసిన గాజుగుడ్డ పరిచి, రెసిన్ అనే జిగురు పూసి గట్టిపరిచిన బోర్డు అది. నా చేతులతో చేసిన మొదటిది. స్కూల్లో లెక్కలు చెప్పే ఉద్యోగం మానేసి బోర్డులు చేసే షెడ్డు పెట్టాలని నాకు ఆశ. ఇది నీళ్లలో బాగుంటే షెడ్డు, లేకపోతే లెక్కలు. అందుకే దీన్ని స్వరూపకిచ్చి పరీక్ష చేయించడానికి తెచ్చాను. ముందు కరీంనగర్‌లో మానేరు నీళ్లలో, తర్వాత బోథ్‌లో వాళ్ల మేనత్తను చూసి, చివరికి కడెం ప్రాజెక్టు నీళ్లలో.

మానేరు ఒడ్డు

వానలు బాగా పడిన ఏడాది. డ్యాం నిండుగా ఉంది. కార్తీకం వెళ్లిన చలికాలపు ఎండ, అల లేని నీళ్లు. స్వరూప లైఫ్ జాకెట్ వేసుకుని, మోకాళ్ల మీద కూర్చుని తెడ్డు వేసింది. కాసేపటికి లేచి నిలబడింది. బోర్డు ఊగలేదు. కట్ట మీద వాకింగుకు వచ్చినవాళ్లు ఆగిపోయారు. ఒకావిడ మక్కజొన్న కంకి కొరకడం మాని చూస్తూ ఉండిపోయింది. నేను గట్టున అటూ ఇటూ పరుగెత్తుతున్నాను.

సంతోషంలో స్వరూప వేగంగా ఒడ్డుకు వచ్చేసింది. కట్టకు పేర్చిన రాళ్లలో ఒకదానికి బోర్డు తోక తగిలింది. చిన్న చప్పుడే. పైకి ఏమీ కనిపించలేదు. మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది, పొద్దుగూకే దాకా ఆడుకుంది. చివరికి ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఎత్తబోతే ఒక పట్టాన లేవలేదు.

నేను ఒంటి చేత్తో కారెక్కించిన బోర్డు అది.

వంచి చూశాను. అడుగున, అంచుకు దగ్గర్లో, గోరు పట్టేంత పగులు. తోకను కిందికి వంచితే అందులోంచి నీళ్లు సన్నగా కారుతున్నాయి. లోపల థర్మాకోల్ పూసల మధ్య సందుల్లోకి నీళ్లు చేరాయి. అలా చేరితే బరువే కాదు, పైనున్న పొర లోపలి దిమ్మ నుంచి ఊడి వచ్చేస్తుంది. అప్పుడు బోర్డు చచ్చినట్టే. స్వరూప కళ్లనిండా నీళ్లు పెట్టుకుని సారీ అంటోంది.

రాజమల్లు బాబాయ్ ఒక్కడికే హుషారు వచ్చింది. చెంపకు చెయ్యి ఆనించి ఆ కారే నీటిని కాసేపు చూశాడు. "ఏం గాదు బిడ్డా. నీళ్లు జొచ్చినయంటే ఎల్లగొట్టుడే. నా బతుకంత గదే జేసిన," అన్నాడు.

ఇంటికెళ్లాక తోక కిందికి ఉండేలా గోడకు నిలబెట్టి కింద బేసిన్ పెట్టాం. స్వరూప సర్వపిండి చేసింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లిపొరక అనే ఉల్లికాడలు వేసి గిన్నె అడుగున ఒత్తి కాల్చిన రొట్టె. మా వైపు దిబ్బరొట్టె ఉంది గానీ దీని కరకర వేరు. బెంగలో కూడా నాలుగు తిన్నాను. పక్క గదిలోంచి బేసిన్‌లో చుక్కలు పడే చప్పుడు వినిపిస్తూనే ఉంది.

రాయిని అతికేవాళ్లు

తెల్లవారేసరికి చుక్కలు ఆగాయి. బోర్డు ఇంకా బరువే. ఆరిపోయేదాకా పగులు మూయకూడదు, మూస్తే తడి లోపలే ఉండిపోతుంది. మా విశాఖ గాలిలో అయితే వారాలు పడుతుంది. స్వరూపకు ఉన్నది కొద్దిపాటి సెలవు. యాత్ర మానేద్దామా అన్నాను.

బాబాయ్ ఒప్పుకోలేదు. కారు మీద కట్టుకుని పోతే పోయినంత దూరం గాలే కదా అన్నాడు. ఆలోచిస్తే నిజమే అనిపించింది. ఎండకు లోపలి గాలి ఉబ్బితే బయటికి పోవడానికి బోర్డు ముందు భాగంలో చిన్న మర పెట్టాను. దాన్ని విప్పేస్తే ముందొక రంధ్రం, వెనక పగులు. గాలికి దారి దొరుకుతుంది. బాబాయ్ అంతటితో ఆగక, నీళ్ల సీసా మెడ కోసి గరాటులా చేసి ఆ రంధ్రం మీద టేపుతో అతికించాడు. గాలి నిజంగా లోపలికి ఎంత పోయిందో నాకిప్పటికీ తెలియదు. కానీ కారు కదలగానే ఆ గరాటు ఊళ వేయడం మొదలుపెట్టింది, దారి పొడుగునా జనం మమ్మల్ని చూస్తూనే ఉన్నారు.

బయల్దేరే ముందు రెసిన్ కావాలి. నేను తెచ్చుకోలేదు. నీళ్ల ట్యాంకులకు అతుకులేసే షెడ్డులో గాజుగుడ్డ ముక్క తీసుకున్నాను, ఒకరకం రెసిన్ కూడా దొరికింది గానీ దాని వాసన చూసి వద్దన్నాను. అది థర్మాకోల్‌ను ఐస్‌క్రీములా కరిగించేస్తుంది. అప్పుడు స్వరూపకు గ్రానైట్ గుర్తొచ్చింది. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ పనే. రాతి పలకల్లో సన్నని బీటలుంటే రెసిన్ పోసి నింపి ఆ తర్వాత పాలిష్ పడతారు.

ఊరి బయట పాలిష్ షెడ్డులో ఇక్బాల్ అనే ఆయన దొరికాడు. ఒంటి నిండా తెల్లటి రాతిపొడి, కనురెప్పల మీద కూడా. మేం చెప్పింది విని కారు దగ్గరికొచ్చి బోర్డును వేలితో తట్టాడు. తన రెసిన్ థర్మాకోల్‌ను తింటుందో లేదో తనకు తెలియదన్నాడు, ఎప్పుడూ వేయలేదట. ఆఫీసు గదిలో ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెలో థర్మాకోల్ ముక్క ఉంటే దాని మీద కాస్త కలిపి పోశాం. అది కరుగుతుందో లేదో తేలేలోపు చాయ్ తాగాం. చాయ్ పది రూపాయలు, పాలు చిక్కగా, అల్లం ఘాటుగా. నలుగురం గ్లాసులు పట్టుకుని థర్మాకోల్ ముక్క చుట్టూ నిలబడ్డాం. కరగలేదు. ఇక్బాల్ గ్లాసు పైకెత్తి చూపించాడు. రెసిన్, దాన్ని గట్టిపరిచే మందు వేరువేరు సీసాల్లో పోసిచ్చి, డబ్బు ఇవ్వబోతే చాయ్ మీరే ఇప్పించారు కదా అన్నాడు.

నిర్మల్‌లో బొబ్బ

జగిత్యాల దాటాక పసుపు పొలాలు, ఆర్మూరు దాటాక గోదావరి వంతెన. వంతెన మీద గరాటు ఊళ ఎంత పెద్దదైందంటే ఎదురొచ్చిన లారీ డ్రైవరు జవాబుగా హారన్ కొట్టాడు. నా బెంగ తగ్గి హుషారు మళ్లీ వచ్చింది. ఆగిన ప్రతిచోటా ముగ్గురం దిగి బోర్డును ఎత్తి చూసేవాళ్లం. తేలికైందని స్వరూప, ఏమీ కాలేదని నేను, మస్తు తేలికైందని బాబాయ్.

నిర్మల్‌లో బొమ్మల దుకాణాల ముందు కారు ఆపాం. పునికి కట్టెతో చేసే బొమ్మలు, ఎంత తేలికో చేతిలో పెట్టుకుంటే తెలుస్తుంది. మా ఏటికొప్పాక బొమ్మలు లక్కతో మెరుస్తాయి, నున్నగా గుండ్రంగా ఉంటాయి. ఇక్కడివి పళ్లూ పక్షులూ, రంగులన్నీ బ్రష్షుతో వేసినవి. ఒక సీతాఫలం నూట యాభై చెప్పారు, బేరమాడితే నవ్వి ఇంకో చిన్న జామకాయ కలిపి ఇచ్చారు. దుకాణం ఆవిడ బోర్డు మీద ఉచితంగా నెమలి వేసిస్తానంది. స్వరూప సరేనంది కూడా. ఆరాక వేయించుకుందామని నేనే ఆపాను.

తర్వాత భోజనానికి కూర్చున్నాం. కారు ఎండలో ఉంది. తిని వచ్చి చూసేసరికి గరాటు టేపు ఎండకు కరిగి జారి, రంధ్రానికి అడ్డంగా అతుక్కుపోయింది. వెనక సన్నటి పగులూ దారి దుమ్ముతో పూడిపోయింది, ఇక గాలికి దారి లేదు. లోపలి తడి వేడెక్కి ఆవిరై, బోర్డు వీపు మీద అరచేయంత బొబ్బ లేచింది. వేలితో నొక్కితే మెత్తగా దిగుతోంది. పొర ఊడటం అంటే ఇదే.

నేను ఆ ఫుట్‌పాత్ మీదే కూలబడ్డాను. ఏడాది సాయంత్రాలు అందులో ఉన్నాయి. ఇక షెడ్డు మాట మరిచిపోవడమే అన్నాను. బాబాయ్ ముఖం వాడిపోయింది, గరాటు ఆయనదే మరి. టేపు పీకేసి, తన కండువా తడిపి బొబ్బ మీద పరిచి, కారును నీడలోకి జరిపాడు.

స్వరూప నా పక్కన కూర్చుంది. "ఉమా, నువ్వు చేసిన బోర్డు మీద నేను నిలబడ్డ. మానేరుల నీ బోర్డు ఊగలే. గది గూడ యాదికుంచుకో," అంది.

బోథ్, పత్తి గది

స్వరూప మేనత్త లచ్చవ్వ ఇల్లు బోథ్ దగ్గర పొలాల్లో ఉంది. నేరడిగొండ నుంచి లోపలికి తిరిగితే ఇరుపక్కలా తెల్లగా పత్తి. ఇంట్లోకి అడుగుపెట్టి ఆశ్చర్యపోయాను. మా వైపు ధాన్యం గాదెల్లో పోస్తారు. ఇక్కడ ఏరిన పత్తిని ముందు గదిలో పైకప్పు దాకా పోశారు. మనుషులు వంటింట్లోనూ వసారాలోనూ ఉంటున్నారు, పత్తి గదిలో ఉంటోంది. రేటు పెరిగేదాకా అంతేనంది లచ్చవ్వ.

ఆవిడ మాటల్లో మరాఠీ కలుస్తుంది. జొన్నరొట్టెను ఒకసారి రొట్టె అంటుంది, ఒకసారి భాకర్ అంటుంది. పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి కాల్చి దంచిన ఠేచా అనే కారంతో పెట్టింది. మా గోంగూరను వీళ్లు పుంటికూర అంటారు. ఠేచా తిన్నాక నాకు కాసేపు మాట రాలేదు, బోర్డు బెంగ కూడా గుర్తు రాలేదు.

మర్నాడు బాబాయ్ కనిపించలేదు. పత్తి కొనే చోటికి వెళ్లి, తేమ చూసే మిషన్ ఉన్న కుర్రవ్యాపారిని బతిమాలి వెంటపెట్టుకొచ్చాడు. పత్తిలో తేమ ఎక్కువుంటే ధర తగ్గిస్తారు కాబట్టి ఆ మిషనంటే ఇక్కడ అందరికీ భయమే. వ్యాపారి నవ్వుతూనే దాని పొడుగాటి సూదిని బోర్డు పగుల్లో గుచ్చి చూశాడు. "గీ పత్తి నేను కొననే కొన," అన్నాడు. వాకిట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. పత్తి కోసం చేసిన మిషను థర్మాకోల్ గురించి నిజం చెబుతుందో లేదో నాకు తెలియదు. కానీ పూటపూటకీ తగ్గుతోందో లేదో తెలిస్తే నాకు చాలు. ఇటు వచ్చినప్పుడల్లా చూసిపెట్టమని అడిగాను.

అక్కడి గాలి నేనెరగనిది. మా ఊళ్లో ఉతికిన తువ్వాలు సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంటుంది. బోథ్‌లో నా చున్నీ కాఫీ తాగేలోపు ఆరిపోయింది. పెదాలు పగిలాయి, మడమలు పగిలాయి, అన్నిటికీ సంతోషించాను. బోర్డును వసారా నీడలో రెండు మంచాల మధ్య తలకిందులుగా పెట్టి, పగులు పక్కనున్న పొరను కాస్త కోసి వెడల్పు చేశాను. బొబ్బకు సన్నని రంధ్రాలు పొడిచాను. గాలి దానంతటదే పని చేసింది. వ్యాపారి వచ్చినప్పుడల్లా అంకె తగ్గుతూ వచ్చింది. ఒకరోజు సూది గుచ్చి, కళ్లు చిట్లించి, ఇప్పుడైతే కొంటానన్నాడు. లచ్చవ్వ వంటింట్లోంచి రేటెంత అని అడిగింది.

ఇక అతకడం. పశువుల మందుల దుకాణంలో కొన్న సిరంజీతో బొబ్బలోకి రెసిన్ ఎక్కించాను. పైన ప్లాస్టిక్ కాగితం పరిచి, లచ్చవ్వ ఇసుర్రాయి తెచ్చి బరువుగా పెట్టింది. పగులు మీద గాజుగుడ్డ ముక్క వేసి రెసిన్ పూశాను.

అప్పుడు చలి అడ్డం వచ్చింది. ఆదిలాబాద్ చలి గురించి విన్నాను గానీ ఇంతని అనుకోలేదు. పొద్దున ముట్టుకుంటే రెసిన్ ఇంకా జిగురుగానే ఉంది. మా విశాఖలో అయితే ఒక పూటలో రాయిలా అయిపోయేది. ఆ మర్నాడే స్వరూప తిరిగి డ్యూటీలో చేరాలి. కడెం వెళ్లాలంటే ఆ రోజే.

లచ్చవ్వ మమ్మల్ని పక్కకు జరగమంది. పత్తి గది తలుపు తీసి, పోగులో చేయి దోపి, నా చేయి కూడా దోపించింది. లోపల వెచ్చగా ఉంది. బోర్డును ఆ పత్తిలో పడుకోబెట్టి పైన ఇంకా పత్తి కప్పాం. పత్తికి జిగురంటితే ఎలా అన్నాను. అంటిన గుప్పెడు పీకేస్తా, పోయేదేముంది అంది ఆవిడ. కాసేపయ్యాక తీసి గోరుతో గుచ్చితే గోరు దిగలేదు. అతుకులో కొన్ని పత్తి పోగులు ఉండిపోయాయి, ఇసుక కాగితంతో రుద్దినా పోలేదు. పోనీలే అన్నాను. మర బిగించి, ఒంటి చేత్తో ఎత్తి చూశాను. లేచింది. నేను అరిచిన అరుపుకి పక్క పొలంలో పత్తి ఏరేవాళ్లు లేచి నిలబడ్డారు.

కడెం

కడెం చేరేసరికి మధ్యాహ్నం. నీళ్లు దూరపు గుట్టల దాకా పరుచుకుని ఉన్నాయి. ఇక్కడ ఒడ్డున రాళ్లు తక్కువగా, మెత్తటి మట్టి ఉన్న చోటు వెతికాం. అతుకు విడిపోతే నడి నీళ్లలో విడిపోతుంది. స్వరూపకు ఈత బాగా వచ్చు, జాకెట్ ఉంది. అయినా నేను జాకెట్ పట్టీలు మళ్లీ బిగించాను. వద్దులే, ఒడ్డునే ఆడుకో అన్నాను. ఆమె నా మాట వినలేదు.

మోకాళ్ల మీద కూర్చుని తెడ్డు వేసింది. లేచి నిలబడింది. చిన్నదైంది, ఇంకా చిన్నదైంది. నా భుజం నొప్పి పుట్టింది, తెడ్డు నేను వేస్తున్నట్టే. మధ్యలో ఎక్కడో ఆమె ఆగిపోయింది. కూర్చుంది. కదలడం లేదు. బాబాయ్, ఏమైంది అన్నాను. ఆయన చెప్పులు విడిచేసి అప్పటికే మోకాళ్ల లోతు నీళ్లలో ఉన్నాడు. మా ఇద్దరికీ ఏమీ తోచలేదు. ఎంతసేపటికో ఆమె లేచి, ఇంకా ముందుకే పోయింది. అవతలి ఒడ్డు తాకి తిరిగి వచ్చాక అడిగితే, నీటి పిట్టల గుంపు మధ్యలోకి వెళ్లానని, లేస్తే అవి ఎగిరిపోతాయని కూర్చున్నానని చెప్పింది. ఆమెను తిట్టాను, గట్టిగా పట్టుకున్నాను కూడా.

బోర్డును ఎత్తి తోక కిందికి వంచాను. ఒక్క చుక్క రాలేదు. ఊపితే చప్పుడు లేదు. బొబ్బ ఉన్నచోట నొక్కితే గట్టిగా ఉంది. బాబాయ్ చెవి ఆనించి విని తల అడ్డంగా ఊపాడు. లోపల ఏమీ లేదని. తర్వాత జాకెట్ అడిగి తీసుకుని, ప్యాంటు పైకి మడిచి, బోర్డు మీద బోర్లా పడుకున్నాడు. "జన్మంత నీళ్లు తోడిన గాని, నీళ్ల మీద ఎన్నడు పండలే," అన్నాడు. స్వరూప పక్కన ఈదుతూ ఆయన్ని లోపలికి తీసుకెళ్లింది.

ఇదంతా ఒకాయన ఒడ్డున కూర్చుని చూస్తున్నాడు. పేరు పోశెట్టి, చేపలు పడతాడు. పక్కన ఆయన తెప్ప ఉంది. అది చూసి నేను దగ్గరికి వెళ్లాను. థర్మాకోల్ దిమ్మలు పేర్చి, పైన యూరియా సంచులు చుట్టి, తాళ్లతో బిగించిన తెప్ప. దాని మీదే కూర్చుని వల వేస్తాడట. ఎత్తి చూడమన్నాడు. ఎత్తలేకపోయాను. కొత్తలో తేలిగ్గా ఉంటుందట, పోను పోను నీళ్లు తాగి మనిషిని మోయనంటుందట. అప్పుడు పారేసి కొత్తది కట్టుకోవాలి. పోయిన వానల్లో ఒకసారి ఆయన ఇంకా దాని మీద ఉండగానే ఒక వైపు మునిగిందట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన నవ్వలేదు.

నా బోర్డు అతుకు మీద ఆయన వేలు పెట్టి చాలాసేపు రాశాడు. లోపల ఏముందని అడిగాడు. నీ తెప్పలో ఉన్నదే అన్నాను. ఆయన నమ్మలేదు. మర విప్పి రంధ్రంలోంచి తెల్లటి పూసలు చూపించాక నమ్మాడు.

"దీని లెక్క ఉరుకుడు నాకు అక్కెర లేదు అక్కా. నేను కూసోవాలె, వల పట్టాలె, నీళ్లు తాగొద్దు. అసొంటిది చేస్తవా?"

అలాంటిది నేనెప్పుడూ చేయలేదని చెప్పాను. ఒకవేళ చేస్తే, రాయి తగిలి పగిలినా ఎవరికి వాళ్లు అతుక్కునేలా గాజుగుడ్డ, రెసిన్ కూడా పంపాలని, ఎలా ఆరబెట్టాలో నేర్పాలని చెబుతూ పోయాను. చెబుతుంటే నా గొంతు పెరుగుతోంది. వెడల్పెంత ఉండాలి, ముందు భాగం ఎత్తుండాలా, వల తడిస్తే ఎంత బరువుంటుంది, ఒక్కరా ఇద్దరా. ఆయన అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పాడు.

కొలిచే టేపు మా దగ్గర లేదు. పోశెట్టి మట్టిలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, వలను ఒళ్లో కుప్పగా పెట్టుకుని, తెడ్డు వేస్తున్నట్టు చేతులు చాపాడు. నేను చున్నీ తీసి ఆయన మోకాలి నుంచి మోకాలి దాకా పట్టి ముడి వేశాను. కాస్త ఎక్కువే వేయమన్నాడు, చేపలు పెట్టుకోవడానికి. ముడి విప్పి, ఇంకొంచెం జరిపి, మళ్లీ వేశాను.